బుట్ట ఉన్న గదులు

మా చెల్లెలు మి పకావ్ పోయిన వానాకాలంలో థాయ్ దేశపు రేవు మహాచాయ్‌లో డెంగ్యూ జ్వరంతో చనిపోయింది. నలభై ఒక్కేళ్లు. కబురు నాకు ఫోనులో వచ్చింది. అప్పటికి రెండేళ్లుగా నేను సరిహద్దుకి ఈవల, ముదోన్ దగ్గర మా మోన్ పల్లెలో, రబ్బరు చెట్లకి గాట్లు పెట్టుకుంటున్నాను. దాటి వెళ్లడానికి నా దగ్గర కార్డు లేదు. కొండదారిన దొంగచాటుగా వెళ్లినా మూడు రోజులు పడుతుంది, ఆస్పత్రివాళ్లు శవాన్ని అన్నాళ్లు ఉంచరు. దహనం ఆ సాయంత్రమే అయిపోయింది.

మమ్మల్ని మహాచాయ్ నుంచి వెళ్లగొట్టింది పకావ్ నాలుకే అని మా సందులో అంటారు. నేనూ అన్నాను, దాని మొహం మీదే అన్నాను. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నాకు తెలిసినంత పూర్తిగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఇంకెవరూ లేరు.

పకావ్ మహాచాయ్ వచ్చేటప్పటికి దానికి పదిహేనేళ్లు. నేను అప్పటికే రొయ్యల షెడ్డులో ఉన్నాను. దాన్నీ నా పక్కనే బల్ల ముందు నిలబెట్టాను. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తెల్లవారుజామునుంచీ రొయ్య తల తుంచి, పెంకు వొలిచి, నరం లాగి అవతల పడెయ్యాలి. మూడో వారానికి దాని వేళ్ల చివర్లు నానిన కాగితంలా అయిపోయి తోలు ఊడింది. ఏడవలేదు కానీ అన్నం ముద్ద కలపలేకపోయింది. దాంతో బ్యాంకాక్‌లో ఒకరింట్లో పనికి పెట్టాను. ఆ ఇంట్లో ఒక్కగానొక్క పిల్లవాడు. వాడు హోంవర్కు చేసేటప్పుడు ఇది వెనకాల బట్టలు మడతపెడుతూ కూచునేది. వాడు నాలుగో తరగతి దాటేసరికి ఇదీ నాలుగో తరగతి దాటింది. తిరిగొచ్చాక ఫోనులో థాయ్ మాట్లాడితే మోన్ పిల్ల అని ఎవరూ పోల్చుకోలేకపోయేవారు.

అప్పటినుంచి మా సందుకి నోరు అదే. షెడ్డులో ఒక పూట, మిగతా పూట ఎవరితోనో ఎక్కడికో. కాన్పుకి, పోలీసు ఆపితే, జీతంలో కోత పడితే, బడిలో పిల్ల కొట్టిందంటే పకావ్‌ని పిలవాల్సిందే. ఒకసారి ఒక ముసలాయన మూలశంకతో ఆస్పత్రికి వెళ్లి, డాక్టరు ఆడమనిషని సిగ్గుపడి నడుం నొప్పి అన్నాడు. పకావ్ డాక్టరమ్మకి చెప్పిన మాట మేము ఏళ్లతరబడి చెప్పుకుని నవ్వాం. "నడుమేనండీ. కాకపోతే ఆయన నడుం కాస్త కిందుంది."

దానికి ఒక పద్ధతి ఉండేది. మన మాట వాళ్లకి చెప్పేశాక వెనక్కి తిరిగి మనతో, "నువ్వు అన్నది నేను ఇలా చెప్పాను. సరేనా?" అని అడిగేది. ఎంత తొందరలో ఉన్నా అడిగేది. ఆ ఒక్క మాట వల్లే అందరూ దాన్ని నమ్మారు.

రాజధానిలో ఏదో కార్యాలయం తరఫున వలసవాళ్ల మీద అధ్యయనం చెయ్యడానికి అచాన్ రవీవన్ వచ్చినప్పుడు, ఎవరిని అడిగినా పకావ్ గది చూపించారు. చదువు చెప్పేవాళ్లని అక్కడ అచాన్ అంటారు. యాభై ఏళ్ల మనిషి, గుడ్డ బూట్లు, చెమటకి నుదుటికి అతుక్కున్న జుట్టు. మా ఇంట్లో గోంగూర రొయ్యలు రెండోసారి అడిగి వేయించుకుంది. మా ఆవిడ మి సావ్‌కి ఆ ఒక్కదానికే ఆమె నచ్చేసింది.

"మీరు ఎలా బతుకుతున్నారో పైవాళ్లకి తెలీదు. తెలీకుండానే రూల్సు రాస్తున్నారు. తెలిస్తే మీకు తగ్గట్టు రాస్తారు. మీ పిల్లల బడి, ఆరోగ్య కార్డు, అన్నీ" అంది రవీవన్. "ఎవరి పేరూ రాయం. గది నంబరు కూడా రాయం."

పకావ్‌కి ఆ మాట బాగా పట్టింది. నాలుగు వందల పన్నెండు గదులు తిరిగింది, రవీవన్ వెనక కాదు, ముందు నడుస్తూ. తలుపు తట్టి, బయటే నిలబడి, ముందు తనే ఒప్పించేది. మా పక్క గది మి తొన్ అత్త దగ్గర అది ఒక పూట పని అయింది. మి తొన్ అత్తకి అరవై దాటాయి, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది.

"ఏమే పకావ్, మా గదిలో ఎంతమంది పడుకుంటారో ఆ దొరసానికెందుకు? పక్కలు వేస్తుందా?"

"నువ్వు లెక్కలో లేకపోతే ఆస్పత్రిలో మంచం ఎలా ఇస్తారత్తా?"

"ఇన్నాళ్లూ ఎవరూ లెక్కపెట్టకే హాయిగా ఉన్నానమ్మా."

"హాయిగా ఉంటే మొన్న కాలు వాచినప్పుడు రాత్రంతా నన్నెందుకు తిట్టావు?"

"నిన్ను కాదే, కాలిని తిట్టాను. సరే రమ్మను. మంచినీళ్లడిగితే మాత్రం నువ్వే ఇవ్వాలి, నేను లేవలేను."

ఇలా అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.

బొమ్మల సంగతి మా గది దగ్గరే బయటపడింది. జవాబులు చెప్పినందుకు పిల్లలున్న ఇంటికి ఇవ్వడానికి రవీవన్ ఒక సంచీనిండా గుడ్డ బొమ్మలు తెచ్చింది. ఎర్ర గౌను, నల్ల ఊలు జడలు. అంతకుముందు గదుల్లో పిల్లలు ఎగబడి తీసుకున్నారు. మా చన్‌కి అప్పుడు ఆరేళ్లు. బొమ్మని చూసి దాని కళ్లు ఇంతయ్యాయి. మి సావ్ వంట వదిలేసి పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది. "అమ్మా, వద్దండీ. లోపలికి వద్దు."

రవీవన్ మొహం చిన్నబోయింది. "బొమ్మ బాగాలేదా?"

"బొమ్మకేం, బంగారంలా ఉంది" అంది పకావ్. "ఈ గదిలో ఇలవేల్పు ఉందండీ. ఇలవేల్పు ఉన్న గడప బొమ్మ దాటకూడదు. దాటితే ఇంట్లో ఎవరో ఒకరు మంచం పడతారు. తరవాత బంధువులందర్నీ పిలిచి వేల్పు ముందు ఆట పెట్టి, క్షమించమని అడుక్కోవాలి."

"మరి ఇందాకటి గదుల్లో తీసుకున్నారే?"

"వాళ్ల ఇలవేల్పు ఊళ్లో ఉంది. ఇక్కడ లేదు."

పకావ్ లోపలికి చూపించింది. మూలన, ఆగ్నేయం వైపు, పైకప్పు ఇనప కడ్డీకి వేలాడుతున్న వెదురు బుట్ట. అందులో ఏముంటాయో చెప్పింది. మా తాతల లుంగీ, తలగుడ్డ, ఎర్రబట్ట ఒకటి, తెల్లబట్ట ఒకటి, ఉంగరం. వంశంలో పెద్ద కొడుకు ఇంట్లో ఉంటుందని, ఇప్పుడు ఆ పెద్ద కొడుకుని నేనేనని, తనకి పెళ్లి కాలేదు కాబట్టి తన ఇలవేల్పూ అదేనని. రవీవన్ గబగబా రాసుకుంది. రాస్తూ అడిగింది: "అయితే బుట్ట తెచ్చుకున్నవాళ్లు ఇల్లు మార్చేసినట్టేగా? ఇంక తిరిగి వెళ్లరన్నమాట."

ఈ ప్రశ్న నాకు బాగా గుర్తు. పకావ్ కూడా రాత ఆగేదాకా ఆగి మరీ చెప్పింది.

"అది కాదండీ. మా అమ్మ పోయింది. ఊళ్లో ఇంటికి తాళం పడింది. దీపం పెట్టేవాళ్లు లేని ఇంట్లో దాన్ని ఒంటరిగా వదలకూడదు. అందుకని తెచ్చాడు. మళ్లీ తీసుకెళ్లడానికే తెచ్చాడు. ఇక్కడే ఉండిపోయేవాడైతే, ఇలా కప్పు కడ్డీకి వేలాడదియ్యడు, కొత్త స్తంభం నాటి దానికి కడతాడు. ఇది అద్దె గది. అద్దె గదిలో స్తంభం ఎవరు నాటనిస్తారు?"

బుట్ట తెచ్చిన రోజు కూడా చెప్పింది. వ్యానులో పన్నెండు గంటలు నేను దాన్ని ఒళ్లోంచి దించకపోవడం, చెక్‌పోస్టులో సైనికుడు కోడి ఉందా అని అడగడం, నేను లేదండీ మా తాతలున్నారు అనడం. రవీవన్ పకపకా నవ్వింది.

"రాసుకున్నారా? మళ్లీ తీసుకెళ్లడానికే అన్నది?" అని పకావ్ అడిగింది.

"రాసుకున్నాను" అంది రవీవన్. కాగితం తిప్పి చూపించింది కూడా.

అప్పుడు పకావ్ నా వైపు తిరిగి, "నేను ఇలా చెప్పానన్నయ్యా, సరేనా?" అంది. సరే అన్నాను. నిజమే కదా, అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. ఆ మర్నాటినుంచి రవీవన్ ప్రతి గదిలోనూ ఒక ప్రశ్న ఎక్కువ అడిగింది. బుట్ట ఉందా, లేదా? కొన్నాళ్లకి అడగడం కూడా మానేసింది. బొమ్మ చేతికిచ్చి చూసేది.

రిపోర్టు ఏడాదిన్నరకి అచ్చయింది. ఒక కాపీ పకావ్‌కి పోస్టులో వచ్చింది. నీలం అట్ట, నున్నటి కాగితం. దాని జీవితంలో దాని పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి. కృతజ్ఞతలు చెప్పే పేజీలో, ఈ సందుల్లో తలుపులు తెరిపించిన మి పకావ్‌కి, అని వేశారు. మా అందరికీ చూపించింది. మి తొన్ అత్త పేజీ వాసన చూసి, "మన పేర్లు రాయరన్నావు, నీది మాత్రం రాయించుకున్నావే" అని వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. అప్పటికి అది వేళాకోళమే.

ఎనభై ఎనిమిదో పేజీ అది మర్నాడు చదివింది. నాలుగు వందల పన్నెండు కుటుంబాల్లో నూట ముప్ఫై ఒకటి ఇలవేల్పుని తరలించాయి. ఇది శాశ్వతంగా స్థిరపడే ఉద్దేశానికి నమ్మదగిన సూచన. బొమ్మని గదిలోకి అనుమతించకపోవడం ద్వారా దీన్ని సులభంగా గుర్తించవచ్చు. అంతే. ముందు పేజీ చూసింది, తరవాత పేజీ చూసింది. చివరి అట్టదాకా వేలుపెట్టి వెతికింది. తాళం పడిన ఇల్లు లేదు, దీపం లేదు, మళ్లీ తీసుకెళ్లడం లేదు.

మా గదిలోంచే రవీవన్‌కి ఫోను చేసింది. మేం వినాలని స్పీకరు పెట్టి, ఆమె అన్న ప్రతి మాటా మాకు చెప్పింది.

"నువ్వు చెప్పింది నేను రాశాను పకావ్. నోటుబుక్కులో ఉంది. కానీ పైవాళ్లు సారాంశం అడిగారు. అందులో కారణాలు పట్టవు, అంకెలే పడతాయి. ఆ అంకెలే పుస్తకంలోకి వచ్చాయి."

"అచాన్, నేను ఇంటింటికీ మీ తరఫున మాటిచ్చాను. అది ఎక్కడ పట్టింది?"

"నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదమ్మా. ఇది చదువు. రూల్సు రాసేది నేను కాదు. నీ పేరు వేశాను చూశావా?"

"చూశాను" అంది పకావ్. ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూచుంది. చేతులకి ఏమీ లేదు.

నాలుగు నెలలకి కొత్త రూలు వచ్చింది. పని కోసం వచ్చినవాళ్లు ఉండొచ్చు. స్థిరపడే సూచనలున్న కుటుంబాలకి మాత్రం గులాబీ కార్డు పొడిగించరు, పదిహేను రోజుల్లో స్వదేశం వెళ్లాలి. గులాబీ కార్డు అంటే అక్కడ మేం పని చేసుకు బతకడానికి ఇచ్చే కార్డు. సూచనలు ఏమిటన్నది ఒక ఫారంలో వేశారు. పిల్లలు బడిలో ఉన్నారా, సామాను ఎంత ఉంది, ఇలా. పదకొండోది బొమ్మ. కార్డు తిరగరాయాల్సిన ప్రతి గదికీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. బొమ్మ గది లోపల పెట్టి ఫొటో తీసుకుంటాడు. పెట్టనివ్వకపోతే పదకొండో గడిలో టిక్కు. మిగతా గడులు ఎలా ఉన్నా ఆ టిక్కు ఒక్కటీ చాలు.

ఆ ఇన్‌స్పెక్టరు థవిసక్ మొదటి రోజు సందులోకి వచ్చినప్పుడు అతని పక్కన, ప్లాస్టిక్ సంచీ పట్టుకుని, మా చెల్లెలు ఉంది.

నేను షెడ్డునుంచి వస్తూ చూశాను. ఆ పూటే దాని గదికి వెళ్లి అరిచాను. "వాళ్లతో తిరుగుతావా? సిగ్గులేదూ?"

"నా బదులు ఇంకొకర్ని దుబాసీగా పెట్టుకుంటే ఏమౌతుందో ఆలోచించావా అన్నయ్యా? వాళ్లు మనం అన్నది అన్నట్టు చెప్పేస్తారు."

ఆ మాట అర్థం కావడానికి నాకు మి తొన్ అత్త గది కావాల్సివచ్చింది. అత్త వాళ్ల బుట్ట కూడా ఆ గదిలోనే ఉంది. ఆవిడ భర్త పోయాక కొడుకు పేరు మీద తెచ్చుకుంది. థవిసక్ బొమ్మ చూపించగానే అత్త మోన్‌లో మొదలుపెట్టింది. "ఈ బొమ్మ తీసుకెళ్లి మీ అమ్మ సమాధి మీద పెట్టుకోరా, పందిమొహమా! నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతాను."

థవిసక్ పకావ్ వైపు చూశాడు. పకావ్ చేతులు జోడించి, ఎంతో మర్యాదగా, థాయ్‌లో చెప్పింది. "పెద్దావిడ చాలా సంతోషిస్తున్నారండీ. మీ అమ్మగారిని అడిగానని చెప్పమంటున్నారు. కాళ్ల నొప్పి వల్ల లేవలేకపోతున్నారట. బొమ్మ నన్నే లోపల పెట్టమంటున్నారు."

పెట్టింది. తనే తీసుకెళ్లి పెట్టింది. థవిసక్ ఫొటో తీశాడు, కార్డుకి సంతకం పెట్టాడు. అతను వెళ్లాక నోరు తెరుచుకుని చూస్తున్న అత్తకి, నువ్వు అన్నది నేను ఇలా చెప్పాను అంది. సరేనా అని మాత్రం అడగలేదు. అలా అడగకపోవడం నేను చూడటం అదే మొదలు.

నెల తిరక్కుండానే మి తొన్ అత్త తడి మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకో ఇంట్లో బాలింతకి జ్వరం వచ్చింది. బొమ్మ రానిచ్చిన గదుల్లో ఎవరికి దగ్గు వచ్చినా దానివల్లే అన్నారు. బొమ్మ వద్దన్న గదులవాళ్లు మూటలు కట్టుకుని వ్యానులెక్కుతూ, నీలం అట్ట పుస్తకంలో ఎవరి పేరుందో గుర్తుచేసుకున్నారు. పకావ్ వల్ల ఉండిపోయినవాళ్లూ దాన్నే తిట్టారు, వెళ్లిపోయినవాళ్లూ దాన్నే తిట్టారు. పంపు దగ్గర అది బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకి జరుపుకునేవారు. మంచం మీంచే మి తొన్ అత్త, "అచ్చులో పేరు కోసం మా తాతల్ని అమ్ముకుంది" అంది. గోడ అవతలినుంచి నాకు వినబడింది. అడ్డు చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

మా వంతు వచ్చేముందు రోజు మధ్యాహ్నం పకావ్ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే కూచుంది.

"రేపు మీ గదే అన్నయ్యా. ఒక్క గంట బుట్టని బయటికి తియ్యి. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ కొట్లో పెడదాం. అతను వెళ్లగానే తెచ్చుకుందువు."

"ఇలవేల్పుని పూలకొట్లో దాస్తానా? దొంగసొమ్మా అది?"

"పోనీ బుట్ట ఉండనీ. బొమ్మ రానీ. పాపం ఏదైనా తగిలితే నాకు తగలమని మొక్కుతాను."

"నువ్వెవరివి మొక్కడానికి? పెద్దకొడుకువా?"

మి సావ్ అన్నం వారుస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "పెద్దకొడుకు గారికి ఊళ్లో ఏముంది? కారే కప్పు ఉంది. చన్‌కి ఇక్కడ బడి ఉంది. రెండో తరగతిలో మొదటి మార్కు వచ్చింది. ఊళ్లో బడికి రెండు కొండలు దాటాలి. అది ఎవరికి మొక్కుకోవాలో కూడా చెప్పండి."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. "ఇదంతా తెచ్చిపెట్టిందెవరో దాన్ని అడుగు" అన్నాను.

పకావ్ లేచింది. "నేను చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం ఉందా అన్నయ్యా? నీ ముందే చెప్పాను. సరే అన్నావు."

"నిజం చెప్పమని నిన్నెవరు అడిగారు?" అన్నాను. అది చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పదకొండు గంటలకి వచ్చారు. థవిసక్ చెడ్డవాడేం కాదు. చెప్పులు విప్పి, గుమ్మం బయటే నిలబడి, చన్‌ని చూసి నవ్వాడు. చన్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు. సంచీలోంచి బొమ్మ తీశాడు. రెండేళ్ల క్రితం దొరకని బొమ్మ దానికి గుర్తుందో లేదో నాకు తెలీదు. రెండు చేతులూ చాపింది. ఇన్‌స్పెక్టరు బొమ్మని ఆ చేతుల్లో పెట్టాడు. ఇంకొక్క అడుగు లోపలికి వేస్తే ఫొటో అయిపోతుంది, కార్డు అయిపోతుంది. పకావ్ కళ్లు మూసుకుంది.

నేను చన్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. బొమ్మ బయట సిమెంటు మీద పడింది.

"పాపకి దగ్గండీ" అని పకావ్ వెంటనే థాయ్‌లో అందుకుంది. "ఊలు పడదని డాక్టరు చెప్పారు, అందుకని మా..." అక్కడ ఆగింది.

"మా అంటే?" అన్నాడు థవిసక్. "ఈయన నీకేమవుతాడు?"

పకావ్ నావైపు చూసింది. నాకూ అంత థాయ్ వచ్చు. నేను ఏదో ఒకటి అనొచ్చు. వేరే మనిషినని చెప్పొచ్చు, దగ్గు నిజమని చెప్పొచ్చు. నేను గోడవైపు చూశాను.

"అన్నయ్య" అంది.

థవిసక్ పదకొండో గడిలో టిక్కు పెట్టాడు. తరవాత కాగితం తిప్పి, అంతకుముందు గదుల జాబితా మెల్లగా వేలితో చూసుకున్నాడు. మి తొన్ అత్త గది దగ్గర వేలు ఆగింది. సాయంత్రానికల్లా పకావ్‌కి ఆ పని పోయింది. ఆ వారంలోనే తొమ్మిది గదులకి ఇంకొక మనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. అందులో ఆరు గదులు ఖాళీ అయ్యాయి, అత్త గదితో సహా. విరిగిన తుంటితో ఆవిణ్ణి చాపలో పడుకోబెట్టి వ్యానెక్కించారు.

పకావ్ గదిలో బుట్ట లేదు కాబట్టి దాని కార్డు నిలిచింది. మేం వెళ్లే రోజు అది వ్యాను దగ్గరికి వచ్చింది. స్టీలు డబ్బాలో గోంగూర రొయ్యలు తెచ్చింది. చన్ చెయ్యి చాపితే, వద్దన్నాను. అదే పిల్ల, అదే చెయ్యి, ఆ నెలలో రెండోసారి వెనక్కి లాగాను. సీట్లన్నీ మా సందువాళ్లే, అందరూ చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నారనే నేను గట్టిగా అన్నాను. "మమ్మల్ని పుస్తకంలో రాయించిన చేతి కూడు మాకొద్దు."

పకావ్ డబ్బా మూత సరిగ్గా బిగించి, ఒళ్లో పెట్టుకుని, వ్యాను కదిలేదాకా పక్కనున్న బల్ల మీద కూచుంది. బుట్ట నా ఒళ్లో ఉంది. ఈసారి చెక్‌పోస్టులో ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి షెడ్లలో చేతులు చాలలేదు. మోన్‌వాళ్లు వొలిచినంత త్వరగా ఇంకెవరూ వొలవలేదు. షెడ్ల యజమానులు వెళ్లి మొరపెట్టుకున్నారట. ఇంకో అధ్యయనం జరిగింది. ఈసారి ఎవరు చేశారో, ఏం అడిగారో నాకు తెలీదు. రూలు ఎత్తేశారు. వెళ్లగొట్టినవాళ్లు అర్జీ పెట్టుకుంటే మళ్లీ కార్డు ఇస్తామన్నారు. అర్జీకి రెండు నెలలు గడువు.

ఆ సంగతి నాకు పకావే చెప్పింది. ఏడాదిలో అదే మొదటి ఫోను. నేను రబ్బరు తోటలో ఉన్నాను, పాలు కారుతున్నాయి.

"అన్నయ్యా, నేనే. పెట్టెయ్యకు. కార్డులు మళ్లీ ఇస్తున్నారు. మీ పాత గది ఖాళీగా ఉంది, యజమానితో మాట్లాడాను. పదకొండో ప్రశ్న తీసేశారు. ఫారం నేను చూశాను, రెండుసార్లు చదివాను."

"నువ్వు చదివితే చాలా?"

"బడిలో టీచరు చన్‌ని అడుగుతోంది. దాని పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. అర్జీ నేను రాస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు." మళ్లీ తనే, "ఈసారి నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఎవరు అడిగినా చెప్పను" అంది.

చన్ ఆ రోజు కాలు నొప్పని బడికి వెళ్లలేదు. పక్కనే పాలు పట్టే చిప్పలు తిరగేస్తోంది. మేనత్త గొంతు విని దగ్గరికి వచ్చి, ఫోను ఇవ్వమని నా మోచెయ్యి లాగింది. నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నీ మాట మీద ఒకసారి తలుపు తీశాను. ఇంక తియ్యను" అన్నాను.

"చన్ ఉందా అక్కడ? ఒక్కసారి ఇయ్యి. బడి సంగతి దాన్నే అడుగుతాను."

"లేదు" అన్నాను.

అవతల ఏదో అనబోయింది. నేను కట్ చేశాను. చన్ తిరిగి చిప్పల దగ్గరికి వెళ్లింది. గడువు ఆ చలికాలంలోనే అయిపోయింది.